రాళ్ళ తిమ్మిరి

పొద్దున ఏడున్నరకి డ్రైవరుగారు భార్య చొక్కా గుండీలు పెడుతూ మళ్ళీ తప్పు చేశారు. మూడో గుండీ తీసుకెళ్ళి నాలుగో కాజాలో దూర్చారు. ముప్పై రెండేళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషాయన. ఎంత ఇరుకు సందులోంచైనా గోడకి గీత పడకుండా బండి తీసిన మొనగాడు. ఆరు గుండీల దగ్గరికొచ్చేసరికి మాత్రం రోజూ దారి తప్పుతున్నారు.

"విప్పి మళ్ళీ పెట్టండి," అంది టైలరమ్మ. "నేను కుట్టిన చొక్కాకి నా ఒంటిమీదే పరువు తీస్తున్నారు."

"గుండీలు మరీ చిన్నవి పెట్టావు."

"మీ వేళ్ళు లావని చెప్పండి. గుండీల మీద పడి ఏడవడం దేనికి?"

మామూలు రోజుల్లో అయితే ఆయనా ఓ మాట అంటించేవారు. మూడు వారాలుగా అనడం మానేశారు. తల వంచుకుని గుండీలన్నీ విప్పి, కింద నించి మళ్ళీ మొదలుపెట్టారు. ఆవిడ చేతులు రెండూ ఒళ్ళో పడి ఉన్నాయి. కుడిచేతి బొటనవేలి మొదట్లో ఉండాల్సిన కండ కరిగిపోయి గుంట పడింది. ఎడమ చెయ్యీ అదే దారి పట్టింది. కాలరు తిప్పడంలో ఆ వీధి మొత్తానికి సాటిలేని చేతులవి. ముందుగదిలో కుట్టుమిషను మీద ఇప్పుడు గుడ్డ కప్పి, దానిమీద మందుల డబ్బా పెట్టారు.

"ఇవాళ శనివారం," అంది ఆవిడ.

"ఊఁ."

"రాళ్ళ మీదికి మామూలు జనాన్ని వదిలే రోజు."

డ్రైవరుగారు ఆఖరి గుండీ పెట్టేసి, టీ గిన్నె పొంగుతోందన్న వంకతో వంటింట్లోకి పోయారు. స్టవ్వు ఇంకా వెలిగించనేలేదు.

ఆ ఊరికి పన్నెండు కిలోమీటర్ల అవతల, పొలాల మధ్యన ఓ పాత రాళ్ళ బాట ఉంది. పొడవు రెండున్నర కిలోమీటర్లు. ఎవరి ముత్తాతలో పరిచిన నలుపలకల రాళ్ళు. ఒకటి లేచి ఉంటే పక్కది కుంగి ఉంటుంది, చినుకు పడితే సబ్బు పూసినట్టు జారుతుంది. బుద్ధున్నవాడెవడూ దానిమీద ట్రాక్టరు కూడా తోలడు. ఏడాదికోసారి, చలి వదిలే రోజుల్లో ఓ ఆదివారం, సైకిలు తొక్కడమే ఉద్యోగంగా బతికే నూటయాభై మంది రేసర్లు అలాంటి బాట మీద ప్రాణాలకి తెగించి పోతారు. మిగతా రోజుల్లో అది ఊరికే పడి ఉండే దారి, ముందురోజు శనివారం మాత్రం అదే బాట మీద మామూలు జనానికి పండగ. ఎవరి సైకిలు వాళ్ళు తెచ్చుకుని, ఎవరి నడుములు వాళ్ళు విరగ్గొట్టుకోవచ్చు.

ఈ దంపతులిద్దరికీ ఆ పిచ్చి ఉంది. అసలు వాళ్ళ పెళ్ళే ఆ రాళ్ళ పుణ్యం. ముప్పై ఏళ్ళ కిందట రేసు కోసం రోడ్డు మూసేస్తే, ఈయన బస్సు రెండు గంటలు ఆగిపోయింది. లోపలున్నవాళ్ళంతా డ్రైవరుని దుమ్మెత్తిపోస్తుంటే, కుట్టిన కోట్ల మూట చంకన పెట్టుకున్న ఓ అమ్మాయి మాత్రం కిందికి దిగి, "ఎటునించి వస్తారు వాళ్ళు? ఎక్కడ నిలబడితే బాగా కనిపిస్తారు?" అని అడిగింది. కోట్లు ఆ రోజు చేరాల్సిన ఇంటికి చేరలేదు. ఏడాది తిరిగేసరికి పెళ్ళయింది. చెరో పాత సైకిలు కొనుక్కున్నారు. సెలవు రోజుల్లో రాళ్ళ మీద తొక్కడం, చలికాలమంతా ఏ దేశంలో రాళ్ళ రేసు జరిగినా టీవీ ముందు కూర్చుని అరవడం. రేసర్లకి ఇంట్లో ముద్దుపేర్లు కూడా ఉండేవి. నలభై దగ్గరపడ్డా మానని ఒకాయన 'తాతయ్య', ప్రతి మలుపులోనూ పడేవాడు 'జారుడుబల్ల'.

ఇక రాళ్ళ తిమ్మిరి సంగతి చెప్పాలి. ఆ రాళ్ళ మీద తొక్కితే అదురు హేండిలు పట్టుకుని చేతుల్లోకి ఎక్కుతుంది. దిగాక రెండు మూడు రోజులు వేళ్ళు మొద్దుబారిపోతాయి, తాళం తిప్పలేం, కలం పట్టలేం. పెద్ద పెద్ద రేసర్లకీ తప్పదది. టీవీలో వాళ్ళే నవ్వుతూ చెప్పుకుంటారు. ఈ ఇంట్లో దానికి 'రాళ్ళ తిమ్మిరి' అని పేరు. అది వచ్చిందంటే భయం కాదు, గొప్ప. సోమవారం పొద్దున ఎవరి చేతిలోంచి కప్పు జారితే వాళ్ళు ఆదివారం బాగా తొక్కినట్టు లెక్క.

కిందటేడు ఇదే శనివారం తొక్కి వచ్చాక టైలరమ్మకి తిమ్మిరి మూడు రోజుల్లో పోయింది. పట్టు మాత్రం తిరిగి రాలేదు. ఎవరూ పట్టించుకోలేదు. ఈసారి రాళ్ళు గట్టిగా తగిలాయనుకున్నారు. కుడిచేత్తో బ్రేకు నొక్కడం రావట్లేదంటే, డ్రైవరుగారు ఓ మధ్యాహ్నమంతా కూర్చుని రెండు బ్రేకులూ ఎడమచేతికి వచ్చేలా తీగలు మార్చారు. ఎంత బాగా మార్చారో అని ఇద్దరూ మురిసిపోయారు కూడా. కత్తెర జారుతోందంటే పిడికి మెత్తటి గుడ్డ చుట్టారు. అలా పదకొండు నెలలు గడిచాయి. మూడు వారాల కిందట పెద్దాసుపత్రిలో డాక్టరు సూదులు గుచ్చి, కరెంటు పెట్టి చూసి, కండరాలకి ప్రాణం పోసే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయని చెప్పాడు. మందు లేదు. చేతుల తర్వాత ఇంకెక్కడికో పాకుతుంది. మెడకి వస్తే మింగడం, ఊపిరి పీల్చడం ఆగిపోయే రోజు కూడా ఎక్కువ దూరంలో ఉండదు. ఎన్నాళ్ళు అని అడిగితే డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆ రోజే డ్రైవరుగారు సైకిళ్ళు రెండూ వెనక షెడ్డులో పడేసి తాళం వేశారు. రాళ్ళ పేరు ఎత్తితే చాలు, లేచి వెళ్ళిపోతారు.

తొమ్మిదింటికి గేటు ముందు రెండు బళ్ళు ఒకదాని వెనక ఒకటి ఆగాయి. మొదటిది వీధి చివరి కళ్ళజోళ్ళ షాపాయన వ్యాను. ఆయన వెనక తలుపు తీసి ఓ పొడుగాటి జంట సైకిలు దింపాడు. రెండు సీట్లు, రెండు జతల పెడళ్ళు. చూపులేని తమ్ముడిని వెనక కూర్చోబెట్టుకుని ఆయన తొక్కే సైకిలది.

"ఇదెందుకు తెచ్చావు?" అన్నారు డ్రైవరుగారు గుమ్మంలోనే నిలబడి.

"వదినగారు ఫోన్ చేశారు కదన్నా. వెనక కూర్చునేవాళ్ళకి బ్రేకులూ ఉండవు, తిప్పే పనీ ఉండదు, కాళ్ళుంటే చాలని..."

"నువ్వెలా ఫోన్ చేశావు?" ఆయన భార్య వైపు తిరిగారు.

"ముక్కుతో నొక్కాను," అంది టైలరమ్మ. "ఐదోసారికి కలిసింది. నాలుగుసార్లు ఎవరెవరినో నిద్రలేపాను పాపం."

రెండో బండిలోంచి కూతురు దిగింది. రెండు గంటల దూరంలో ఓ ఆసుపత్రిలో మందుల విభాగం చూస్తుంది. మనిషి నెమ్మదే, కోపం వస్తే మాత్రం పట్టపగ్గాలుండవు. సైకిలు చూసింది, తండ్రిని చూసింది, మొహం ఎర్రబడింది. కళ్ళజోళ్ళాయనకి గాలి ఎటు వీస్తోందో తెలిసిపోయింది. సైకిలు గోడకి ఆనించి, "సాయంత్రం వచ్చి తీసుకుంటా"నని జారుకున్నాడు.

"అమ్మా, బట్టలు సర్దించాను అన్నావుగా? పద," అంది కూతురు లోపలికొస్తూనే. "గది తయారుచేశాను. మంచం మార్చాను. బాత్రూములో పట్టుకోడానికి కడ్డీలు పెట్టించాను."

"పట్టుకోడానికి చేతులేవే?" అంది తల్లి.

కూతురు బట్టల సంచి కోసం అటూ ఇటూ చూసింది. "అమ్మా, జోకులు వద్దు. వెళ్దాం."

"సోమవారం వస్తాను. ఇవాళ రాళ్ళ మీదికి వెళ్ళాలి, రేపు రేసు చూడాలి. వచ్చే ఏడాది ఈ శనివారానికి నేను ఎలా ఉంటానో నీకూ తెలుసు, నాకూ తెలుసు. కాళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి. ఒక్కసారి ఆ రెండున్నర కిలోమీటర్లూ పోయొస్తే చాలు, తర్వాత నువ్వెక్కడ పడుకోమంటే అక్కడ పడుకుంటా."

"ఈ ఐడియా ఆయనదేనా?" కూతురు తండ్రి వైపు చూడకుండానే అడిగింది. మూడు వారాలుగా ఆయనతో నేరుగా మాట్లాడటం లేదు. "ఆయన్ని అడుగమ్మా, ఇంకా చాల్లేదా అని."

"ఆయనది కాదు, నాది. ఆయన తాళం చెవి దాచేశారు."

"నేనూ వద్దనే అంటున్నాను తల్లీ," అన్నారు డ్రైవరుగారు మెల్లిగా.

అంతే. అప్పటిదాకా అదిమిపెట్టుకున్నదంతా ఒక్కసారిగా బద్దలైంది. "ఇప్పుడంటున్నావా? ఇప్పుడా వద్దనడం?" అంటూ కూతురు ఆయన మీదికి తిరిగింది. "మనిషి చెయ్యి పడిపోతుంటే ఏం చేశావు నువ్వు? బ్రేకు మార్చావు! ఎవరైనా డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. నువ్వు బ్రేకు ఎడమవైపుకి మార్చి, ఫొటో తీసి నాకు పంపించావు, చూడు తల్లీ ఎంత బాగా కుదిరిందో అని! కత్తెరకి గుడ్డ చుట్టావు! ఏడాది! ఏడాదిపాటు మా అమ్మని ఆ దిక్కుమాలిన రాళ్ళ మీద తిప్పావు. పక్కనే పడుకుంటావు కదా, చెయ్యి ఎండిపోతుంటే కనపడలేదా నీకు?"

డ్రైవరుగారు గోడకి ఆనుకున్నారు. "కనపడలేదు," అన్నారు.

"అంతేనా?"

"ఏం చెప్పను? నువ్వన్నదంతా నిజమే. నేనే మార్చాను. పొద్దున లేస్తే అదే కళ్ళముందు ఆడుతోంది. ఆ రోజు ఆ పానా పట్టుకోకుండా, ఆటో పిలిచి ఉంటే..."

"పిలిచి ఉంటే ఏమయ్యేది?" అంది టైలరమ్మ. అరవలేదు. ఆవిడ అరవకపోతేనే ఆ ఇంట్లో అందరికీ భయం. "డాక్టరు ఏమన్నాడు? ఏడాది ముందు వచ్చినా నేను చెప్పేది ఇదే, చేసేది ఏమీ లేదు అన్నాడా లేదా? ముగ్గురం అక్కడే కూర్చున్నాం. నీ చెవులు ఎక్కడ పెట్టావే?"

"అది డాక్టర్లు ఊరికే అంటారమ్మా, మనసు కుదుటపడాలని..."

"సరే. అయితే ఇది విను. వానలు మొదలైనప్పుడు నీకు ఫోన్ చేశాను. కుడిచేతిలో సూది నిలవట్లేదే, తిమ్మిరి కూడా లేదు, ఊరికే జారిపోతోంది అన్నాను. గుర్తుందా?"

కూతురు పక్కనున్న కుర్చీ వీపు పట్టుకుంది.

"రాళ్ళ తిమ్మిరేలే అమ్మా, వయసొస్తోంది కదా, ఈసారి ఎక్కువ రోజులుంటుంది అన్నావు. బలం మాత్రలు పంపించావు. రెండు నెలలు వేసుకున్నాను. ఆయన బ్రేకు మార్చారు, నువ్వు మాత్రలు పంపావు, నేనేమో నా చెయ్యి నాకే తెలియక, ఈ ఏడు భలే తొక్కాను కాబోలు అని పొంగిపోయాను. ముగ్గురం ఒకే తప్పు చేశాం. ఆయనొక్కడి నెత్తినే రుద్దుతావేం?"

కూతురు కుర్చీలో కూలబడింది. రెండు చేతులతో మొహం కప్పుకుంది. "నాకు తెలియాలమ్మా," అంది వెక్కుతూ. "తిమ్మిరి లేకుండా పట్టు పోతే అది వేరే అని నాకు తెలియాలి. అదే నా పని. ఫోన్ పెట్టేశాక ఒక్కసారి... ఒక్కసారి ఆలోచించినా..." నిజం చెప్పాలంటే ఈ మూడు వారాలూ ఆ పిల్ల తండ్రి మీద విసిరిన ప్రతి మాటా ముందు తనకే తగిలింది.

టైలరమ్మ దగ్గరికి వెళ్ళింది గానీ తలమీద చెయ్యి వెయ్యడానికి చెయ్యి లేవలేదు. పక్కన కూర్చుని భుజంతో భుజాన్ని నెట్టింది. "నిన్ను ఏడిపించడానికి అనలేదే పిచ్చిదానా. ఒక్కటి చెప్తా విను. మీరిద్దరూ ఆ ఏడాది పోయింది పోయిందని తెగ ఏడుస్తున్నారు. అది నాకు మిగిలిన మంచి ఏడాది. ఆ ఏడాదిలో ఆ బాట మీదికి పద్నాలుగుసార్లు వెళ్ళాను. ముందే తెలిసుంటే ఏం చేసేదాన్ని? ఇదిగో, ఈ కుర్చీలో కూర్చుని, మీ మొహాలు చూస్తూ ఉండేదాన్ని. మీకు తెలియకపోవడం వల్ల నాకు దక్కిన ఏడాదది. దానికి క్షమాపణలు చెప్పుకుంటూ తిరిగారంటే నాకు ఒళ్ళు మండుతుంది."

డ్రైవరుగారే గోడ వదిలి బయటికొచ్చి జంట సైకిలు దగ్గరికి వెళ్ళారు. టైరు బొటనవేలితో నొక్కి చూసి, కొంచెం గాలి తీశారు. రాళ్ళ మీద పోవాలంటే టైరు మెత్తగా ఉండాలి. ఆ చిన్న చప్పుడు వినగానే టైలరమ్మ మొహం విప్పారింది.

సైకిలుని కూతురు కారు మీద కట్టుకుని వెళ్ళేసరికి బాట మొదట్లో జాతరలా ఉంది. రంగురంగుల చొక్కాలు, బురద కొట్టుకున్న మోకాళ్ళు, పంక్చరు వేసుకుంటూ తిట్టుకునేవాళ్ళు. కారు లోపలికి పోనివ్వరు కాబట్టి కూతురు పొలం గట్టు మీద నడుస్తూ వస్తానంది. డ్రైవరుగారు భార్యని వెనక సీటు మీద కూర్చోబెట్టి, కాళ్ళు పెడళ్ళకి బిగించి, చేతులు హేండిలు మీద పెట్టి మెత్తటి గుడ్డపేలికతో చుట్టారు. పడితే ఊడొచ్చేలా వదులుగానే కట్టారు.

"నెమ్మదిగా పోనిస్తాను," అన్నారు.

"నెమ్మదిగా పోతే ప్రతి రాయీ కొట్టి దవడలు ఊడతాయి. మీకు నేను చెప్పాలా? గొలుసు పెద్ద పళ్ళచక్రం మీద వేసి తొక్కండి."

తొక్కారు. మొదటి రాయి తగలగానే సైకిలు గుర్రంలా ఎగిరింది. ఇద్దరి కాళ్ళూ ఒకే గొలుసు మీద కలిసి తిరిగాయి. ముప్పై ఏళ్ళుగా ఆవిడ ఎప్పుడూ ముందు పోయేది, ఈయన రొప్పుతూ వెనక పడేవారు. ఇప్పుడు మొదటిసారి ఆవిడ బలం వెనక నించి ఆయన పాదాల కిందికి వచ్చింది. ఆవిడ కాళ్ళు ఎంత గట్టివో ఆయనకి అప్పుడు తెలిసింది. "బాట మధ్యలో పోనివ్వండి, మధ్యలో! ఎడమకి పోతున్నారు, బస్సనుకున్నారా ఇది?" అని ఆవిడ కేకలు పెడుతోంది. గట్టు మీద పరుగెడుతున్న కూతురికి ఆ కేకలు వినిపించి, తెలియకుండానే నవ్వొచ్చింది.

తర్వాత కేకలు ఆగిపోయాయి. ఊపిరి దాచుకుంటోంది కాబోలనుకున్నారు డ్రైవరుగారు. పెడళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. గట్టు మీదనించి కూతురికే ముందు కనిపించింది. అమ్మ తల ముందుకి వాలిపోయింది. గడ్డం గుండెకి కొట్టుకుంటోంది. ప్రతి రాయికీ ఆ తల ఎగిరి పడుతోంది, లేవట్లేదు.

"ఆపు! ఆపు! అమ్మ తల!"

ఆయన కాళ్ళు కింద ఆనించి ఆపారు. మొదలుపెట్టిన చోటినించి నాలుగు వందల మీటర్లు కూడా రాలేదు.

"ఎందుకు ఆపారు?" తల వాల్చుకునే, తన మోకాళ్ళకేసి చూస్తూనే అడిగింది టైలరమ్మ. "కాళ్ళు తిరుగుతున్నాయిగా. రోడ్డు కనపడకపోతే నాకేం? మీకు కనపడుతోందిగా."

డ్రైవరుగారు దిగి, అరచెయ్యి గడ్డం కింద పెట్టి తల పైకెత్తారు. చెయ్యి తీస్తే మళ్ళీ వాలిపోయింది. మళ్ళీ ఎత్తారు. ఈసారి చెయ్యి తియ్యలేదు. కూతురు రాళ్ళ మీద తడబడుతూ వచ్చి పక్కన నిలబడింది. మెడకి వస్తే తర్వాత ఏమిటో ముగ్గురూ విన్నదే.

"మెడ సంగతి నాకు తెలియదండీ," అంది టైలరమ్మ. "ఒట్టు. పొద్దున బాగానే ఉంది." అప్పుడు ఏడ్చింది. మూడు వారాల్లో ఆవిడ ఏడవడం అదే మొదటిసారి. పక్కనించి సైకిళ్ళు దడదడలాడుతూ పోతూనే ఉన్నాయి. ఎవరో దాటిపోతూ "పంక్చరా?" అని అడిగారు. "అవును," అన్నారు డ్రైవరుగారు.

ఆదివారం పొద్దున ఇంట్లో రేసు మాట ఎవరూ ఎత్తలేదు. డ్రైవరుగారు చెంచాతో పాలలో నానబెట్టిన రొట్టె పెడుతున్నారు. టైలరమ్మ వెనక్కి వాలే కుర్చీలో కిటికీ వైపు చూస్తూ మింగుతోంది. ఒక్కో ముద్దకీ ఎంతసేపు పడుతోందో కూతురు చూసింది. నిన్నటిదాకా ఇలా చూడలేదేమిటా అనుకుంది. చివరికి తనే అడిగింది, "అమ్మా, ఎన్నింటికి వస్తారు వాళ్ళు?"

"రెండున్నరకి," అంది తల్లి. "ఎదురుగాలి ఉంటే మూడు."

రెండింటికల్లా ముగ్గురూ బాట పక్కన ఉన్నారు. మడత కుర్చీ వేసి ఆవిడని కూర్చోబెట్టారు. దానికి వీపు పొట్టి, తల ఆనదు. కూతురు వెనక నిలబడి రెండు అరచేతులూ అమ్మ చెవుల కింద, దవడల కింద పెట్టి తల నిలబెట్టింది. మనిషి తల అంత బరువుంటుందని ఆ పిల్లకి అప్పటిదాకా తెలియదు. జుట్టులోంచి సబ్బు వాసన వస్తోంది. మెడ మీద నాడి తన వేలికి కొట్టుకుంటోంది. ఆసుపత్రిలో ఎన్ని వేల చీటీలు చూసి ఎన్ని మందులిచ్చిందో. ఈ తలకి ఇవ్వడానికి ఏమీ లేదు, ఇలా పట్టుకోవడం తప్ప.

ముందు మోటారు సైకిళ్ళు వచ్చాయి. తర్వాత దుమ్ము. ఆ తర్వాత నేల అదిరింది. అందరూ ఒక ముద్దగా, పళ్ళు బిగించి, ముక్కులకీ నోళ్ళకీ దుమ్ము కొట్టుకుని దూసుకొచ్చారు. "కుడివైపు, కుడివైపు తిప్పవే!" అంది తల్లి. కూతురు తల తిప్పింది. వాళ్ళతోపాటు ఎడమనించి కుడికి, మెల్లిగా, కనుచూపు మేర దాకా. నిమిషం కూడా పట్టలేదు. జనం చప్పట్లు కొట్టి, సామాన్లు సర్దుకోవడం మొదలుపెట్టారు.

"వెళ్దామా?" అన్నారు డ్రైవరుగారు.

"అప్పుడేనా? వెనకవాళ్ళు రావాలి."

వచ్చారు, ముగ్గురు, ఇద్దరు, ఒక్కొక్కడు. పంక్చరైనవాళ్ళు, పడిలేచినవాళ్ళు. ఒకడి మోచెయ్యి నెత్తురోడుతోంది. పావుగంట గడిచాక ఇంకెవరూ లేరనుకుంటుండగా దూరంగా ఒక్కడు కనిపించాడు. పాతికేళ్ళు కూడా ఉండవు. సైకిలు అటూ ఇటూ ఊగుతోంది. వాడి వెనకే, మనిషి నడిచేంత నెమ్మదిగా, తెల్ల వ్యాను ఒకటి వస్తోంది.

"అదేమిటి?" అంది కూతురు.

"ఊడ్చే బండి. ఇంక నావల్ల కాదన్నవాళ్ళని ఎక్కించుకుపోతుంది."

"ఇంత వెనకబడితే టైములోపు చేరలేడు కదా?"

"చేరలేడు. చేరినా లెక్కలోకి రాడు."

"వాడికి తెలుసా ఆ సంగతి?"

"తెలియకేం. బండి వెనకే ఉందిగా, చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది."

వాడు వాళ్ళ ముందుకి వచ్చాడు. కళ్ళ కింద దుమ్ములో నీళ్ళు కారిన చారలు. వ్యానులో కూర్చున్న మనిషి పక్క తలుపు తీసి పట్టుకుని, ఏదో అడిగాడు. వాడు అటు చూడలేదు.

"ఎక్కేయొచ్చు కదమ్మా," అంది కూతురు. "ఎలాగూ ఎక్కాల్సిందేగా. ఎందుకు తొక్కుతున్నాడు?"

అరచేతుల మధ్య అమ్మ దవడ కదలడం కూతురికి తెలిసింది.

"ఇంకా ఎక్కాలనిపించట్లేదేమోనే," అంది టైలరమ్మ.

కూతురి కళ్ళలోంచి ధారగా కారిపోయింది. తుడుచుకుందామంటే రెండు చేతులూ అమ్మ తల కింద ఉన్నాయి, తియ్యడానికి లేదు. అలాగే నిలబడి ఏడుస్తోంది. కన్నీళ్ళు గడ్డం మీదనించి అమ్మ జుట్టులో పడుతున్నాయి. డ్రైవరుగారు కాసేపు తటపటాయించారు. తర్వాత జేబురుమాలు తీసి, దగ్గరికొచ్చి, భయం భయంగా కూతురి కళ్ళు తుడిచారు. అటు ఒకటి, ఇటు ఒకటి.

కూతురు మొహం పక్కకి తిప్పుకోలేదు.

"ముక్కు కూడా, నాన్నా," అంది.